గోడ మీది నాచు, బీడులోని తంగేడు

మహబూబ్‌నగర్‌లో మా పాత ఇంటి ప్రహరీ మీద వేసవి అంతా నాచు నల్లటి మరకలా ఉండేది. గోరు తగిలితే పొడిలా రాలేది. తొలకరి పడిన రోజున భూతద్దంతో చూశాను. గొట్టంలా లోపలికి చుట్టుకున్న ఆకులు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. నిమిషాల్లో ఆ మరక పచ్చటి మఖమలైంది! మన దేశంలో గోడల మీద విరివిగా పెరిగే హయోఫిలా ఇన్వాల్యూటా అనే నాచు స్వభావం ఇది. చెరువులో తేలే నాచు వేరు, అది శైవలం. రెండింటినీ ఒకే పేరుతో పిలిచి ఈ బుల్లి మొక్కకు మనం అన్యాయం చేస్తున్నామనిపిస్తుంది.

గోడ అవతలి బీడులో మన రాష్ట్ర పుష్పం తంగేడు కూడా అదే ఎండను కాచింది. లోతుకు దిగిన వేరు, నీటిని పైకి తెచ్చే నాళాలు, ఆకు మీద మైనపు పొర దానికి అండ. నాచుకు అసలైన వేర్లే లేవు, గోడను పట్టుకునే సన్నటి పోగులే ఉన్నాయి. ఆకు చాలావరకు ఒక్క కణం మందమే. తడిని ఒంటితోనే పీల్చి ఒంటి నుంచే పోగొట్టుకుంటుంది. ఎండినప్పుడు జీవక్రియలను దాదాపుగా ఆపేసి ప్రాణం నిలుపుకుంటుంది. తంగేడు ఆకు అంతగా ఎండితే తిరిగి పచ్చబడదు.

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది వాటి సంతాన విధానం. మన కంటికి కనిపించే నాచు మొక్క కణాల్లో క్రోమోజోములు జతలుగా ఉండవు, ఒంటి వరుసగానే ఉంటాయి. తంగేడు పొద కణాల్లో జతలుంటాయి. ఒంటి వరుస తరం దానిలోనూ ఉంది, కానీ పుప్పొడి రేణువులో రెండు మూడు కణాలుగా, విత్తనంగా మారే అండంలో మరికొన్నిగా కుదించుకుపోయి దాక్కుంది. నాచు పురుష బీజకణం కశాభాలనే రెండు కొరడాల్లాంటి తోకలతో నీటి పొరలో ఈదుకుంటూ స్త్రీ బీజకణాన్ని చేరాలి. తడి లేనిదే ఆ కలయిక లేదు. నాచుల వంశం 40 కోట్ల ఏళ్లకు ముందే నేల మీదికి వచ్చినా ఈ కట్టుబాటును వదల్లేదు.

ఎంతో తర్వాత వచ్చిన పూల మొక్కలకు ఆ ఈత అక్కర్లేదు. తంగేడు పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే తుమ్మెదకు కూలి. కేసరాల కొసన సన్నటి రంధ్రాలుంటాయి. తుమ్మెద పువ్వును కరచుకుని రెక్కల కండరాలను జుమ్మని కంపింపజేస్తే పొడి చిమ్ముతుంది. మరో పువ్వు కీలాగ్రం, అంటే ఆడ భాగం కొస మీద పడిన రేణువు నాళికగా పెరిగి అండం దాకా వెళ్తుంది.

బతుకమ్మకు తంగేడు పూలు కోసుకొచ్చిన రోజున ప్రహరీ వైపు చూశాను. వారంగా చినుకు లేదు. నాచు ఆకులు మళ్లీ చుట్టుకుపోయి, గోడ మీద నల్లటి మరకే మిగిలింది.