మొటిమలకు చైనా సంప్రదాయ వైద్యం: అపోహలు, వాస్తవాలు

మొటిమలతో నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది అప్పటికే ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న మాత్రల సీసానో క్రీము డబ్బానో సంచిలోంచి తీసి బల్ల మీద పెడతారు. దాని మీద చైనా అక్షరాలు ఉంటాయి కానీ, లోపల ఏముందో కొన్నవారికి తెలియదు, అమ్మినవారు చెప్పరు. సింగపూర్‌లో చైనా వైద్యమే వృత్తిగా ఉన్న నేను, ఈ వైద్యం మీద గౌరవంతోనే, ముందుగా అందులోని మూలికలేమిటని అడుగుతాను. జవాబు దొరకని మందును పక్కన పెట్టమంటాను. తెలుగువారు తరచూ అడిగే సందేహాలకు ఇక్కడ సమాధానాలు రాస్తున్నాను.

అపోహ: మూలికలు కాబట్టి మేలు చేయకపోయినా హాని మాత్రం చేయవు.

వాస్తవం: ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం. కాలేయంలో పెరిగిన వేడిని తగ్గించడానికి చైనా వైద్యులు చాలాకాలంగా వాడుతున్న లోంగ్‌డాన్ షియేగాన్ అనే యోగంలో (మూలికల మిశ్రమంలో) ముతోంగ్ అనే తీగ కాండం ఒక భాగం. మొదట వాడిన మొక్క అకేబియా. 20వ శతాబ్దంలో దాని స్థానంలోకి ఈశాన్య చైనాలో దొరికే గువాన్ ముతోంగ్ వచ్చింది. పేరులో పోలిక ఉన్నా ఇది అరిస్టలోకియా ప్రజాతికి చెందిన వేరే మొక్క. ఇందులోని అరిస్టలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను కోలుకోలేనంతగా దెబ్బతీస్తుంది, మూత్రమార్గంలో క్యాన్సర్ కలిగిస్తుంది. బెల్జియంలో బరువు తగ్గేందుకు మాత్రలు వాడిన మహిళల్లో 1990ల తొలినాళ్లలో మూత్రపిండాలు వరుసగా చెడిపోయినప్పుడు ప్రపంచం ఈ సంగతి గుర్తించింది. అక్కడా కారణం ఇటువంటి తారుమారే, ఫాంగ్‌జీ అనే వేరుకు బదులు అరిస్టలోకియా వేరు కలిసింది. గువాన్ ముతోంగ్ వాడకాన్ని చైనా 2003లో నిలిపివేసింది.

మొటిమలకూ దీనికీ సంబంధమేమిటని అనుకునేవారి కోసం ఒక కేసు చెబుతాను. ముఖం మీద మొండి మొటిమలున్న ఒక మహిళ ఇంగ్లండ్‌లోని ఒక చైనా మందుల దుకాణంలో ఇచ్చిన, ఈ ఆమ్లం ఉన్న మాత్రలను ఏళ్ల తరబడి వేసుకున్నారు. ఆమె రెండు మూత్రపిండాలూ పాడయ్యాయి, క్యాన్సర్ వచ్చింది. ఆ కేసు 2010లో లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టుకు వచ్చింది. ప్రాణాపాయం లేని సమస్య కోసం వాడిన మందు ఇంత పని చేసిందంటే, మూలికను సరిగ్గా గుర్తించడం ఎంత ముఖ్యమో అర్థమవుతుంది. మన ఊళ్లలో పెరిగే గాడిదగడపాకు, ఈశ్వరి కూడా అరిస్టలోకియా మొక్కలే కాబట్టి ఈ హెచ్చరిక చైనా మందులకే పరిమితం కాదు.

అపోహ: ఈ మూలికల క్రీము రాస్తే మూడు రోజుల్లో ముఖం నున్నబడుతుంది.

వాస్తవం: చైనా మూలికలు అంత వేగంగా పనిచేయవు. మూడు రోజుల్లో ఎరుపు మాయమైందంటే నేను మొదట అనుమానించేది స్టెరాయిడ్‌నే. 1999లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పరిశీలనలో, చర్మవ్యాధులకు ఇచ్చిన 11 చైనా మూలికల క్రీములను పరీక్షిస్తే ఎనిమిదింటిలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కనిపించింది. స్టెరాయిడ్ వాపును అణచిపెట్టి, వారాలు గడిచేసరికి చర్మాన్ని పలచబరుస్తుంది, సన్నని ఎర్రటి రక్తనాళాలు పైకి కనిపించేలా చేస్తుంది, ఒకే పరిమాణంలో ఉండే ఎర్రని పొక్కులను కొత్తగా తెస్తుంది. మానేసిన వెంటనే ముఖం మండిపోతుంది కాబట్టి మళ్లీ అదే క్రీము రాయక తప్పదనిపిస్తుంది. ఆంధ్ర, తెలంగాణల్లో తెల్లబడటానికని మందుల షాపులో అడిగి తెచ్చుకునే బీటామెథసోన్ క్రీములతో జరుగుతున్నదీ ఇదే. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇటువంటి పైపూత స్టెరాయిడ్లు చాలావాటిని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్‌లో చేర్చినా, అలవాటు పోలేదు. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవారు తమంతట తాము ఒక్కసారిగా ఆపకుండా చర్మవ్యాధి నిపుణుల పర్యవేక్షణలో మానేయాలి.

అపోహ: మొటిమ ఎక్కడ వస్తే దాన్నిబట్టి లోపల ఏ అవయవం చెడిందో చెప్పవచ్చు.

వాస్తవం: నుదురు జీర్ణకోశానిది, గడ్డం గర్భాశయానిది అంటూ ఫోన్లలో తిరిగే ముఖచిత్రాలకు చైనా వైద్యం పేరు పెట్టడం నాకు బాధ కలిగిస్తుంది. ప్రాచీన గ్రంథం హువాంగ్‌డీ నెయ్‌జింగ్‌లో ముఖ భాగాలకూ అవయవాలకూ సంబంధం చెప్పిన ఒక ప్రసిద్ధ భాగం ఉంది. ఎడమ చెంప కాలేయానికి, కుడి చెంప ఊపిరితిత్తులకు, నుదురు గుండెకు, ముక్కు ప్లీహానికి, గడ్డం మూత్రపిండాలకు అని అది చెబుతుంది. అయితే ఆ మాటలు జ్వరాల గురించి, జ్వరం వచ్చేముందు ఏ భాగం ఎర్రబడుతుందన్న దాని గురించి రాసినవి. మొటిమల ప్రస్తావన అందులో లేదు, ఫోన్లలోని చిత్రాలు దానితో సరిపోలవు కూడా. పెద్దవయసు స్త్రీలలో దవడ, గడ్డం మీద వచ్చే మొటిమలు హార్మోన్లతో ముడిపడి ఉండవచ్చన్నది మాత్రం నిజం. నెలసరి తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు రావడం, బరువు పెరగడం తోడైతే నేను కషాయం రాయడానికి ముందే పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) పరీక్షల కోసం స్త్రీవైద్య నిపుణుల దగ్గరకు పంపుతాను.

అపోహ: మొటిమలకు చైనా వైద్యంలో ఒక ప్రత్యేకమైన మందు ఉంది.

వాస్తవం: చైనా వైద్యుడు నాలుకను, నాడిని చూసి, మలబద్ధకం, నిద్ర, నెలసరి, జిడ్డు గురించి అడిగిన తరువాతే యోగాన్ని నిర్ణయిస్తాడు. చియన్‌లాంగ్ చక్రవర్తి ఆజ్ఞతో 1742లో వెలువడిన యీజోంగ్ జిన్‌జియాన్ అనే వైద్య సంకలనం మొటిమలను ఊపిరితిత్తుల మార్గంలో రక్తం వేడెక్కడంగా వివరించి, లోక్వాట్ ఆకు, మల్బరీ వేరు బెరడు, చేదు హువాంగ్‌లియాన్, అతిమధురం వంటివాటితో కషాయం చెప్పింది. మూలికలను అరగంట నానబెట్టి, రెండు విడతలు కాచి, ఆ రెండు నీళ్లనూ కలిపి ఉదయం, సాయంత్రం తాగాలి. ఆ చేదు నోట్లోంచి చాలాసేపు పోదు. పైపూతకు అదే గ్రంథం రేవల్చిన్ని వేరు, గంధకం సమభాగాలుగా మెత్తగా పొడిచేసి చల్లని నీటితో కలిపి రాయమంది. గంధకం నేటి మొటిమల లోషన్లలోనూ ఉంటుంది కాబట్టి ఈ పాత పూత అర్థం లేనిది కాదని నా అభిప్రాయం. కానీ పొడిచర్మం ఉన్నవారికి ఇది మంట పుట్టిస్తుంది, వాసన కూడా ఘాటుగా ఉంటుంది.

మలబద్ధకంతో, నాలుకపై పసుపు పూతతో వచ్చేవారికి వేరే యోగం, నెలసరికి ముందు ఎక్కువయ్యేవారికి మరొకటి, ఊదారంగు గట్టి గడ్డలున్నవారికి ఇంకొకటి ఇస్తాము. ఈ వర్గీకరణ చికిత్సను మనిషికి తగ్గట్టు మలచుకునే పద్ధతి. రోమకూపం మూసుకుపోవడం, జిడ్డు పెరగడం, క్యూటిబ్యాక్టీరియం ఆక్నిస్ అనే బాక్టీరియా, వాపు అనే ఆధునిక వివరణను ఇది కాదనదు.

అపోహ: ఈ వైద్యం మొటిమలను నయం చేస్తుందని పూర్తిగా రుజువైంది.

వాస్తవం: కాలేదు. 2015లో వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ, 3,227 మంది పాల్గొన్న 35 ట్రయల్స్‌ను (రోగులపై జరిపిన పరీక్షలను) పరిశీలించి, మూలికలు, ఆక్యుపంక్చర్, కప్పింగ్ (చర్మానికి కప్పులు అతికించి లాగడం)లకు తగిన ఆధారం లేదని తేల్చింది. చైనా మూలికల మీద జరిగిన ట్రయల్స్‌లో చాలావాటి నాణ్యత బలహీనం. రోగికి ఈ మాట చెప్పి, మూడు నెలల్లో మార్పు కనిపించకపోతే ఆపేద్దామని మొదటి రోజే ఒప్పుకుంటే ఇద్దరికీ మంచిది.

అపోహ: చైనా వైద్యం మొదలుపెడితే ఇంగ్లీషు మందులు మానేయాలి.

వాస్తవం: చైనాలోనే అలా చేయరు. 2019లో సవరించిన అక్కడి మొటిమల చికిత్సా మార్గదర్శకాలు అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్, ఐసోట్రెటినాయిన్‌లతో పాటే చైనా వైద్యానికీ చోటిచ్చాయి. అయితే ఏవి కలిపి వాడుతున్నారో ఇద్దరు వైద్యులకూ తెలియాలి. ఉదాహరణకు మొటిమల యోగాల్లో వాడే డాన్‌షెన్ వేరు, రక్తం పలచబడేందుకు ఇచ్చే వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచి రక్తస్రావానికి దారితీయవచ్చు. గర్భిణులు డాన్‌షెన్ వంటి మూలికలకు దూరంగా ఉండాలి. ఐసోట్రెటినాయిన్ అయితే గర్భస్థ శిశువుకు తీవ్రమైన వైకల్యాలు తెస్తుంది.

అపోహ: మందు మొదలుపెట్టాక మొటిమలు ఎక్కువైతే విషం బయటకు పోతున్నట్టు.

వాస్తవం: అది విషం పోవడం కాదు, మందు పడకపోవడం కావచ్చు. దురద, దద్దుర్లు, కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం కనిపిస్తే అదే రోజు మందు ఆపి డాక్టరును కలవాలి.

కప్పింగ్, గువాషా (చదునైన రాతితో చర్మాన్ని గీకడం) గురించి కూడా అడుగుతుంటారు. చీముపట్టిన మొటిమల మీద కప్పులు పెట్టడం, గువాషా రాతితో గీకడం, జేడ్ రాతి రోలర్ దొర్లించడం చేయకూడదు. ఆక్యుపంక్చర్ చేయించుకునేవారు, ప్రతిసారీ కొత్త సూది ప్యాకెట్టును తమ కళ్లముందే విప్పుతున్నారో లేదో చూసుకోవాలి. భారత ఆరోగ్య శాఖ 2019లో ఆక్యుపంక్చర్‌ను స్వతంత్ర విధానంగా గుర్తించింది. ఆ గుర్తింపు చైనా మూలికా మందులకు లేదు.

తిండి విషయంలో మన ‘వేడి చేసింది’కి, చైనావారి ‘షాంగ్‌హువో’కి దగ్గరి పోలిక ఉంది. మన ఇళ్లలో మామిడిపండును అన్నట్టే అక్కడ లిచీని, వేపుళ్లను అంటారు. త్వరగా చక్కెరను పెంచే ఆహారం తగ్గిస్తే కొందరికి మొటిమలు తగ్గుతాయనడానికి కొంత ఆధారం ఉంది. అందుకే నేను ముందుగా తగ్గించమనేది తీపి పానీయాలను, మైదా తినుబండారాలను.

లోతైన గడ్డలు, గుంటలు పడే మచ్చలు మొదలైనవారు మాత్రం మా దగ్గర కషాయాలతో నెలలు గడపకుండా ముందు చర్మవ్యాధి నిపుణులను కలవాలి. ఒకసారి పడిన గుంటను ఏ మూలికా పూడ్చలేదు.