మెడ మీద నలుపు మట్టి కాదమ్మా: పిల్లల ఊబకాయంపై అపోహలు, వాస్తవాలు

9 ఏళ్ల బాబు. వచ్చింది దగ్గుకి. స్టెతస్కోపు పెడదామని కాలరు కిందికి లాగితే మెడ చుట్టూ నల్లటి పట్టీ, దాని మీద ఎర్రగా గీరుకుపోయిన చారలు. "సున్నిపిండి పెట్టి పీచుతో రుద్దుతున్నానండీ, అయినా పోదు. వీడు సరిగ్గా స్నానం చెయ్యడు" అంది వాళ్లమ్మ. బాబు తల దించుకున్నాడు.

అది మట్టి కాదు. చేత్తో తడిమితే వెల్వెట్ గుడ్డలా మందంగా తగులుతుంది, చంకల్లోనూ ఉంటుంది. కొవ్వు పెరిగిన ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు. దాంతో క్లోమం ఇంకా ఇంకా ఇన్సులిన్ వదులుతుంది. రక్తంలో ఎక్కువైన ఆ ఇన్సులిన్‌కి చర్మం ఇలా మందమెక్కి నల్లబడుతుంది. షుగర్ టెస్టు నార్మల్‌గా ఉన్నప్పుడే మెడ ఈ కబురు చెప్పేస్తుంది. ఇది రుద్దితే పోయేది కాదు, బరువు అదుపులోకి వస్తే మెల్లగా పలచబడుతుంది.

పిల్లల డాక్టరుగా నేను రోజూ వినే మాటలు ఇంకొన్ని ఉన్నాయి.

అపోహ: "అయిదేళ్లకే ఎలా చిక్కిపోయాడో చూడండి, బొద్దుగా ఉంటేనే కదా ఆరోగ్యం!"

అసలు గొడవంతా ఇక్కడే మొదలవుతుందని నా అనుమానం. మొదటి ఏడాది బిడ్డ బరువు మూడింతలవుతుంది. ఆ తర్వాత ఆ జోరు ఉండదు. పొడుగు సాగుతూ, బూరెబుగ్గలు కరుగుతూ, 5-6 ఏళ్లకి పిల్లలు జీవితంలోకెల్లా సన్నగా కనిపిస్తారు. ప్రకృతి వేసిన లెక్క అది. సరిగ్గా అప్పుడే అమ్మమ్మ దిష్టి తీస్తుంది, నాన్న ఆకలి సిరప్ రాయమంటాడు, ఫోన్‌లో పాటలు పెట్టి నోరు తెరిచినప్పుడల్లా ముద్ద కుక్కుతారు. కడుపు నిండిందని తెలుసుకునే తెలివి పిల్లాడికి పుట్టుకతోనే ఉంటుంది. ఫోన్ చూపించి దాన్ని మరిపిస్తున్నది మనమే. 6 ఏళ్లు దాటాక కాస్త ఒళ్లు చేయడం సహజం. 3-4 ఏళ్లకే ఒళ్లు చేయడం మొదలైతే మాత్రం ఊబకాయం ముప్పు పెరుగుతుంది.

గూగుల్‌లో బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) లెక్క వేసి "21 వచ్చింది, నార్మలే కదా" అనేవాళ్లూ ఉన్నారు. అది పెద్దవాళ్ల లెక్క. 7 ఏళ్ల పిల్లాడికి 21 అంటే ఊబకాయమే. ఇంట్లో చూసుకోవాలంటే టేపు చాలు: నడుం కొలత ఎత్తులో సగం దాటకూడదు.

అపోహ: "పెద్దయితే పొడుగు సాగి అదే తగ్గిపోతుంది."

టీనేజ్‌లో ఊబకాయం ఉన్నవాళ్లలో 80 శాతం దాకా పెద్దయ్యాక కూడా అలాగే ఉంటున్నారు. ఈలోపు లోపల జరిగేది జరిగిపోతూనే ఉంటుంది. చుక్క మద్యం ఎరగని పిల్లాడికీ కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది, నొప్పి ఉండదు కాబట్టి ఎవరికీ తెలియదు. రాత్రి గురక, పగలు క్లాసులో కునుకు, ఆడపిల్లల్లో ముందే రజస్వల కావడం, ఆపై నెలసరి గాడి తప్పించే హార్మోన్ల సమస్య పీసీఓఎస్. నన్ను భయపెట్టే లెక్క ఒకటుంది. అమెరికాలో చిన్న వయసులోనే టైప్-2 మధుమేహం వచ్చిన పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించారు. సగటున 26 ఏళ్లు వచ్చేసరికి వాళ్లలో 60 శాతం మందికి కళ్లు, కిడ్నీలు, నరాల్లో ఏదో ఒకటి దెబ్బతింది. మనవైపు ఆ వయసుకి ఉద్యోగం వచ్చి సంబంధాలు చూస్తుంటారు.

అపోహ: "థైరాయిడే అయ్యుంటుంది."

థైరాయిడ్ లోపం ఉన్న పిల్లలు పొడుగు ఎదగరు. తిండి వల్ల లావైన పిల్లలు తోటివాళ్ల కంటే పొడుగ్గానే ఉంటారు. గుమ్మంలోంచి నడిచి వస్తుంటేనే నాకు సగం తెలిసిపోతుంది. థైరాయిడ్ పరీక్షలో చూసే టీఎస్‌హెచ్ అనే హార్మోన్ ఓ మోస్తరుగా పెరిగి కనిపించినా, చాలాసార్లు అది లావు వల్ల వచ్చిందే.

అపోహ: "అన్నం మాన్పించాం, చపాతీ పెడుతున్నాం."

నూనె వేసి కాల్చిన నాలుగు చపాతీలు తిని అన్నం మానేశామంటే ఏం లాభం? 300 మి.లీ. కూల్‌డ్రింకులో ఆరు చెంచాలకు పైగా పంచదార ఉంటుంది. ముందు దాని సంగతి చూడండి. పాలల్లో కలిపే పొడి డబ్బా వెనక కూడా ఓసారి చదవండి.

అపోహ: "మా వంశమే అంత, ఏం చేసినా దండగ."

వంశంతో పాటు వంటిల్లూ వారసత్వంగా వస్తుందని నేను నవ్వుతూ అంటుంటాను. చిన్నప్పుడు లావుగా ఉండి, పెద్దయ్యేసరికి ఆ ఊబకాయం లేకుండా బయటపడ్డవాళ్లకి మధుమేహం, బీపీ ముప్పు ఎప్పుడూ లావు కానివాళ్లతో దాదాపు సమానమని 6,328 మందిని సగటున 23 ఏళ్లు గమనించి తేల్చారు. పైగా ఎదిగే పిల్లలకి పెద్దవాళ్లకి లేని వెసులుబాటు ఒకటుంది. మెడ నల్లబడ్డ ఆ బాబు 132 సెం.మీ., 44 కిలోలు. బీఎంఐ 25. ఏడాదిపాటు బరువు పెరగకుండా ఆపగలిగితే, 6 సెం.మీ. ఎదిగేసరికి అది 23కి దిగుతుంది. కడుపు మాడ్చక్కర్లేదు.

వాళ్లకి రాసిచ్చినవి నాలుగు: రోజూ గంట ఆట, భోజనం దగ్గర ఫోన్ బంద్, కూల్‌డ్రింకు ఇంట్లోకే రాకూడదు, ఈ నియమాలు ఇంటిల్లిపాదికీ. అయిదోది నోటితో చెప్పాను, పీచు పక్కన పడెయ్యమని.

నాలుగు నెలలకి మళ్లీ వచ్చారు. బరువు 44 దగ్గరే ఉంది. నలుపు ఇంకా ఉంది, గీతలు మానిపోయాయి. ఈసారి కాలరు వాడే కిందికి లాగి చూపించాడు.