బైపీసీలో చేరుతున్న పిల్లలకు, బయాలజీ పుస్తకం గురించి

పిల్లలూ,

పదో తరగతి ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి మీలో చాలామంది అడుగుతున్నది ఒకటే, బయాలజీకి ఏ పుస్తకం కొనాలి అని. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పే బదులు అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను. చాలా ఏళ్ళు ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు అసలు మాట చెప్పేస్తా. మీకు కావాల్సింది ఒక్క పరీక్షకు ఒక్క పుస్తకం, దాన్ని మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ మళ్ళీ చదివే ఓపిక. బల్ల నిండా గైడ్లు పేర్చుకుని ఒక్కోదాంట్లో నాలుగు పేజీలు తిప్పిన పిల్లలు పరీక్ష దగ్గరపడేసరికి ఏది ఎక్కడ చదివారో గుర్తురాక టెన్షన్ పడతారు. తెలివి తక్కువై కాదు, ఒకే విషయం ఐదు రకాల మాటల్లో చదివితే ఎవరికైనా అలాగే ఉంటుంది.

బోర్డు పరీక్షకైతే తెలుగు అకాడమీ పుస్తకాలు, వృక్షశాస్త్రం ఒకటి, జంతుశాస్త్రం ఒకటి. పెద్ద ప్రశ్నకు బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, వరుసగా వివరించాలి కదా, ఆ పద్ధతి వాటిలోనే దొరుకుతుంది. ఎప్‌సెట్ బయాలజీలో వచ్చే 80 ప్రశ్నలూ ఇంటర్ సిలబస్‌లోవే, కాబట్టి దానికీ ఆ పుస్తకాలే. నీట్ రాసేవాళ్ళకు మాత్రం ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల బయాలజీయే అసలు పుస్తకం. 180 ప్రశ్నల్లో 90 బయాలజీవే, అంటే 720 మార్కుల్లో 360. చాలా ప్రశ్నలు ఆ పుస్తకంలోని వాక్యాలకు దగ్గరగా ఉంటాయి, బొమ్మల కింద చిన్న అక్షరాల్లో రాసింది కూడా వదిలిపెట్టరు. డబ్బులు లేవని ఆగకండి, ఆ పుస్తకాలు ఎన్‌సీఈఆర్‌టీ సైట్లో ఉచితంగానే ఉన్నాయి.

కోఠిలో గానీ, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద గానీ పాత పుస్తకం కొనేవాళ్ళు, కొనండి, తప్పేం లేదు, కానీ అట్ట చూసి బేరం మొదలుపెట్టకుండా ముందు అది ఏ సంవత్సరం ముద్రణో చూడండి. 2022-23లో ఎన్‌సీఈఆర్‌టీ చాలా పాఠాలు తీసేసింది. పదకొండులో మొక్కల్లో రవాణా, ఖనిజ పోషణ, జీర్ణక్రియ పాఠాలు పోయాయి, పన్నెండులో పర్యావరణ సమస్యలు పోయింది. 2024 నుంచి నీట్ సిలబస్ కూడా మారింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. కుదించిన పుస్తకంలో పుష్పించే మొక్కల కుటుంబాల్లో వివరంగా మిగిలింది సొలనేసి, అంటే వంగ కుటుంబం ఒక్కటే, నీట్ సిలబస్ కాగితంలోనేమో మందార కుటుంబం, ఆవాల కుటుంబం, చిక్కుడు, పొద్దుతిరుగుడు, గడ్డి కుటుంబాల పేర్లు ఉన్నాయి. అందుకే మీరు పరీక్ష రాసే ఏడాది సిలబస్ కాగితం ప్రింట్ తీసి పుస్తకంలోనే పెట్టుకోండి. పుస్తకంలో లేనివాటి కోసం అకాడమీ పుస్తకంలో ఆ పేజీలు మాత్రం చదివితే సరిపోతుంది, ఇంకో లావుపాటి గైడు అక్కర్లేదు.

ఇంత చెప్పినా కొందరికి అదనంగా ఇంకో పుస్తకం కావాలనిపిస్తుంది, పాఠం అర్థం కాకపోతే కావాలి కూడా. అప్పుడు సీనియర్ చెప్పాడనో, కొట్టాయన ఇదే ఎక్కువ పోతోందన్నాడనో కొనకండి, అక్కడే నిలబడి మలేరియా పేజీ తెరవండి. అది మన ఊరి పాఠం. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడ మీద మలేరియా పరాన్నజీవిని చూసింది సికింద్రాబాద్‌లోనే, మలేరియా మీద ఆయన చేసిన పనికి 1902లో నోబెల్ వచ్చింది, బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. మీరు చదవబోయే రాస్ చక్రం, అంటే ఆ పరాన్నజీవి దోమలో పెరిగే దశలు, ఆయన పేరు మీదే. సరే, ఆ పేజీని ఇలా ప్రశ్నించండి: దోమ కుట్టినప్పుడు ఒంట్లోకి వచ్చిన స్పోరోజాయిట్లు, అంటే ఆ పరాన్నజీవి సూక్ష్మ రూపాలు, ముందు ఎక్కడికి వెళ్తాయి? జ్వరం ఒకేలా ఉండకుండా చలితో, విడతలు విడతలుగా ఎందుకు వస్తుంది? మంచి పుస్తకమైతే అవి ముందు కాలేయంలో పెరిగి తర్వాత ఎర్ర రక్తకణాల్లోకి చేరతాయని, ఆ కణాలు పగిలినప్పుడల్లా హీమోజాయిన్ అనే విషపదార్థం రక్తంలోకి వస్తుందని, కణాలు విడతలుగా పగులుతాయి కాబట్టే జ్వరమూ అలా వస్తుందని కారణంతో సహా చెప్తుంది. "లక్షణాలు: చలి, జ్వరం, తలనొప్పి" అని తేల్చేసిన పుస్తకాన్ని అక్కడే పెట్టేసి రండి. రేపు ప్రశ్న కొంచెం తిప్పి అడిగితే అది మీకు పనికిరాదు.

తర్వాత బొమ్మలు చూడండి. గీతలు స్పష్టంగా ఉండాలి, పాఠంలో వాడిన పేరే బొమ్మ మీదా ఉండాలి, మీరు పెన్సిల్‌తో తిరిగి గీయగలిగేలా ఉండాలి. రంగులు ఎక్కువుంటే మంచిదనుకోవద్దు. నాకైతే మీరు సొలనేసి బొమ్మను ఒక వంగపువ్వు పక్కన పెట్టి చూస్తే ఎంత సంతోషమో. కుండీలో మొక్క ఉంటే ఒక పువ్వు కోసి ఆకర్షణపత్రాలను మెల్లగా లాగండి, కేసరాలు కూడా వాటితోపాటే ఊడి వస్తాయి. ఎపిపెటాలస్ అంటే ఇదే, ఇక దాన్ని బట్టీ పట్టాల్సిన పని లేదు. అలాగే కూరకు తెచ్చిన వంకాయ మీద పచ్చటి తొడిమ ఉంటుంది చూడండి, అది ఆ పువ్వు రక్షకపత్రావళే, కాయ పండినా రాలదు. పుస్తకంలో ఆ మాట ఉందో లేదో వెతకండి.

ఇప్పటిదాకా తెలుగు మీడియంలో చదివినవాళ్ళు భయపడొద్దు. నీట్ తెలుగులోనూ రాయొచ్చు. కానీ అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు ప్రశ్నే లెక్కలోకి వస్తుంది కాబట్టి ప్రతి పేరూ రెండు భాషల్లో తెలిసి ఉండాలి. తెలుగు పుస్తకంలో పాఠం అర్థం చేసుకుని, అదే పాఠం ఇంగ్లీషులో చదివి, మార్జిన్‌లో పేర్లు రాసుకోండి. మొదటి రెండు నెలలు నెమ్మదిగా సాగుతుంది, తర్వాత అలవాటైపోతుంది.

విదేశీ లావు పుస్తకాలు చూసి మనసు పడితే లైబ్రరీలో చదవండి, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో అడిగి చూడండి. సెకండియర్ పుస్తకాలు మాత్రం ఇప్పుడే కొనేయకండి, వచ్చే ఏడాదికి సిలబస్ మారితే డబ్బులు దండగ. కొట్టుకు వెళ్ళేముందు ఏమైనా అనుమానం ఉంటే ఆ పుస్తకంలో మలేరియా పేజీ ఫొటో తీసి పంపండి, చూసి చెప్తాను.

మీ
వృక్షశాస్త్రం మేడమ్