నంబరున్న పక్షి

చిట్టీ, బుజ్జీ,

నేను పంపిన ఫొటో చూసి “రెక్క మీద బస్సులాగా ఆ నంబరేంటి తాతయ్యా?” అన్నారు. ఫోన్లో చెబితే సగంలో ఆటకు పరిగెడతారు గనక ఉత్తరం రాస్తున్నా.

మొన్న అత్తావాళ్లు శాన్ హోసేకి దక్షిణాన ఉన్న పినకిల్స్ కొండలకు తీసుకెళ్లారు. ఆ పక్షి కాలిఫోర్నియా కాండోర్, అమెరికాలో ఉండే పెద్ద రాబందు. రెక్కలు చాపితే తొమ్మిదిన్నర అడుగులు.

బస్సన్నారుగా, పల్లెవెలుగే అనుకోండి. పొద్దున్నే కదలదు. మేం ఎనిమిదింటికే వెళ్లి కూర్చుంటే, అది బండ మీద పంచె ఆరేసినట్టు రెక్కలు చాపి ఎండ కాగుతోంది. కొండ వేడెక్కి గాలి పైకి లేస్తేగానీ బయల్దేరదు. లేచిందా, ఇక ఇంజను ఆపేసి ఘాట్ రోడ్డు దిగే డ్రైవరే! వాచీ చూసుకుంటూ కూర్చున్నా, అయిదు నిమిషాల్లో ఒక్కసారి రెక్క కొట్టలేదు. పక్కన చిన్నజాతి రాబందు తోక తెగిన గాలిపటంలా ఊగుతుంటే, ఇది బల్లపరుపుగా సాగిపోయింది. నెత్తిమీదుగా పోతున్నప్పుడు ఈకల్లోంచి గాలి కోసుకుపోయే చప్పుడు వినబడింది. ఈ బస్సుకు హారన్ లేదు. గొంతులో కూత పెట్టే అవయవమే లేదు, బుసకొడుతుంది, గుర్రుమంటుంది, అంతే. ఎండ ముదిరితే కాళ్ల మీద రెట్ట వేసుకుని చల్లబడుతుంది. ఏ డ్రైవరూ అలా చేయగా నేను చూడలేదు కాబట్టి బస్సును ఇక్కడే ఆపేస్తున్నా.

నంబరు సంగతికొస్తా. వేటగాళ్లు వదిలేసిన కళేబరాల్లో సీసం తూటా ముక్కలుంటాయి. అవి తిని కాండోర్లు విషమెక్కి చచ్చేవి, ఇప్పటికీ చస్తున్నాయి. 1982 నాటికి ప్రపంచం మొత్తమ్మీద 22 మిగిలాయి. 1987లో అడవిలో ఉన్న ఆఖరిదాన్ని కూడా పట్టి జూకి చేర్చారు. అక్కడ పిల్లలకు మనిషి మచ్చిక కాకూడదని, చేతికి కాండోర్ తల బొమ్మ తొడుక్కుని మరీ తినిపించారు! 1992 నుంచి మళ్లీ వదులుతున్నారు. పెట్టేది మామూలుగా రెండేళ్లకో గుడ్డు, అందుకే ఒక్కోదానికీ లెక్క. నంబరు చూసి ఎప్పుడు పుట్టిందో, అమ్మానాన్నలెవరో చెప్పేస్తారు.

మా చిన్నప్పుడు ఊరి చెరువు వెనక గొడ్డు చస్తే రాబందులు గుంపుగా దిగేవి. నేనొకసారి రాయి విసిరితే మా నాయనమ్మ చెవి మెలేసి, “అవి రాకపోతే ఊరంతా కంపేరా, దండం పెట్టు” అంది. పెట్టలేదు, పారిపోయాను. మీ నాన్న పెద్దయ్యేసరికి అవే లేవు. పశువులకు నొప్పి తగ్గాలని వేసిన డైక్లోఫెనాక్ మందు, ఆ మాంసం తిన్న రాబందుల కిడ్నీలు పాడుచేసింది. 2006లో పశువులకు ఆ మందు ఆపారు. అప్పటికే ఆలస్యమైంది. మా ఊళ్లో వాటికి నంబరు వేసినవాళ్లు లేరు, లెక్కపెట్టినవాళ్లూ లేరు. నాతో సహా.

ఆదివారం పదకొండింటికి టోపీ పెట్టుకుని మేడెక్కండి. గద్దలు చుట్టూ తిరుగుతూ ఉంటాయి. ఒకదాన్ని పట్టుకుని, కళ్లతోనే సుమా, ఎన్నిసార్లు రెక్క కొట్టిందో లెక్కపెట్టి నాకు రాయండి. సూర్యుడి వైపు చూడొద్దు.

మీ తాతయ్య