లేజర్ దుక్కి: టైటానియం పొడిలో చాళ్లు ఎలా పడాలి

విజయనగరం నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి పంపిన ప్రశ్న ఇది: "టైటానియం త్రీడీ ప్రింటింగుకు శక్తి సాంద్రత ఘనపు మిల్లీమీటరుకు 55 జౌళ్ల దగ్గర ఉండాలని చదివాం. రెండు రకాల సెట్టింగులు పెట్టాం. రెండింటికీ లెక్క అంతే వచ్చింది. ఒక ముక్క గట్టిగా ఉంది, రెండోది కోసి చూస్తే లోపల గుల్ల. లెక్కలో తప్పెక్కడుంది?"

లెక్క సరిగానే ఉంది. ఆ ఒక్క అంకెలో పట్టని సంగతులు చాలా ఉన్నాయి. గుల్ల పుట్టేది అక్కడే.

యంత్రం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పలక మీద లోహపు పొడిని పలుచగా పరుస్తారు. కావలసిన చోట లేజర్‌తో కరిగిస్తారు. పలకను కాస్త దించి మళ్లీ పొడి పరుస్తారు. పొడి రేణువులు సాధారణంగా 15 నుంచి 45 మైక్రాన్లు. ఎక్కువగా వాడేది 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలిపిన టీఐ-64. గది నిండా ఆర్గాన్ ఉండాలి, ఆక్సిజన్ 0.1 శాతానికి లోపే ఉండాలి. చవక కదా అని నైట్రోజన్ వాడడానికి వీల్లేదు, వేడెక్కిన టైటానియం దాన్ని కూడా పట్టుకుని నైట్రైడ్‌గా మారి పెళుసెక్కుతుంది. మన కళింగపట్నం, భావనపాడు తీరాల నల్ల ఇసుకలో ఉన్న ఇల్మనైట్ ఈ లోహానికి ముడి ఖనిజమే.

ఇక సూత్రం. శక్తి సాంద్రత రావాలంటే లేజర్ వాట్లను మూడింటి లబ్ధంతో భాగించాలి: వేగం, గీతకూ గీతకూ మధ్య ఎడం, పొర మందం. 280 వాట్లు, సెకనుకు 1200 మిల్లీమీటర్లు, 0.14 మి.మీ. ఎడం, 0.03 మి.మీ. పొర పెడితే 55.6 వస్తుంది. టీఐ-64కు పరిశ్రమలో వాడేవి ఇంచుమించు ఇవే. ఇప్పుడు వాట్లూ వేగమూ రెండూ సగం చేయండి, 140 వాట్లు, 600 మిల్లీమీటర్లు. మళ్లీ 55.6. లేదా మొదటి వాట్లూ వేగమూ ఉంచి ఎడం 0.21, పొర 0.02 చేయండి. మళ్లీ అదే. అంకె ఒకటే అయినా దుక్కులు మూడు రకాలు.

దుక్కి అనడానికి కారణముంది. లేజర్ చేసే పని దున్నడమే. వాట్లంటే మేడి మీద పెట్టే బరువు. వేగమంటే ఎడ్ల నడక. ఎడమంటే చాలుకూ చాలుకూ మధ్య వదిలే జాగా. పొర మందమంటే కర్రు చీల్చుకుని దిగాల్సిన మట్టి. మేడిని సగం బరువుతో నొక్కి, ఎడ్లను సగం వేగంతో తోలి, "ఎకరానికి పెట్టిన కష్టం ఒకటే కదా" అంటే రైతు ఒప్పుకోడు. కర్రు ఎంత లోతు దిగిందో, చాళ్ల మధ్య దున్నని నేల మిగిలిందో లేదో చూస్తాడు. మనమూ అవే చూడాలి.

లోతు సంగతి ముందు. లోహంలో వేడి పక్కలకు పాకే దూరం సమయానికి వర్గమూలంగా పెరుగుతుంది. అందుకని వేగం సగం చేస్తే లోతు రెట్టింపు అవదు, సుమారు 1.4 రెట్లు అవుతుంది. వాట్లు సగం చేస్తే లోతూ దాదాపు సగమవుతుంది. రెండూ కలిపితే మిగిలేది 0.7 వంతు. మొదటి సెట్టింగులో కరుగు మడుగు వెడల్పు 0.16, లోతు 0.10 మి.మీ. అనుకుందాం. రెండోదానిలో వెడల్పు పెద్దగా మారదు, లోతు మాత్రం 0.07కు పడిపోతుంది.

గుల్ల పడుతుందో లేదో ముందే చెప్పే చిన్న పరీక్ష ఉంది. ఎడాన్ని వెడల్పుతో, పొర మందాన్ని లోతుతో భాగించి, రెండింటి వర్గాలూ కూడాలి. మొత్తం 1 దాటితే చాళ్ల మధ్య కరగని పొడి మిగులుతుంది. మొదటి సెట్టింగుకు 0.77, 0.09 కలిసి 0.86. పర్వాలేదు. రెండోదానికి 0.77, 0.18 కలిసి 0.95. కాగితం మీద నెగ్గింది గానీ, మడుగు ఏ క్షణాన కాస్త చిక్కినా గుల్ల పడుతుంది. మూడోదానిలో ఎడం భాగమే 1.72. చాలు వెడల్పు కన్నా చాళ్ల మధ్య ఎడమే ఎక్కువ, అది దుక్కే కాదు. అలా మిగిలిన రంధ్రాలు పొరలకు సమాంతరంగా చదునుగా, వంకర మూలలతో ఉంటాయి, వాటిలో కరగని రేణువులు కనిపిస్తాయి. బిగువు పడ్డప్పుడు పగులు ఆ మూలల నుంచే మొదలవుతుంది.

అలాగని మేడి మీద బరువంతా వేయకూడదు. 0.1 మి.మీ. వ్యాసమున్న లేజర్ చుక్కలో 280 వాట్లంటే చదరపు మిల్లీమీటరుకు 35 వేల వాట్లకు పైమాట, చుక్క ఒక బిందువును దాటిపోయేది 83 మైక్రోసెకన్లలో. 1600 డిగ్రీల పైన కరిగే ఈ లోహం అక్కడ ఇంకా వేడెక్కి మరుగుతుంది. ఆవిరి పైకి ఎగజిమ్ముతూ ద్రవాన్ని కిందికి నొక్కుతుంది, సన్నని లోతైన గుంట పడుతుంది. దీన్ని కీహోల్ అంటారు. గుంట పడ్డాక కిరణం దాని గోడలకు తగిలి తగిలి లోపలే తిరుగుతుంది. చదునైన మడుగు కిరణంలో మూడో వంతు పీల్చుకుంటే, లోతైన గుంట మూడింట రెండు వంతులు దాటి పీల్చుకుంటుంది. అంటే దిగినకొద్దీ ఇంకా దిగుతుంది. ఇక్కడ నాగలి పోలిక ఆగిపోతుంది, ఏ కర్రూ తన లోతు తానే పెంచుకోదు.

కీహోల్ అంటేనే లోపమని కొన్ని తరగతుల్లో చెబుతున్నారు. అది సరికాదు. అమెరికాలోని ఆర్గాన్ (Argonne, వాయువు పేరు కాదు) జాతీయ ప్రయోగశాలలో టీఐ-64 మీద అతివేగ ఎక్స్‌రేలతో తీసిన చిత్రాలు 2019లో వెలువడ్డాయి. మామూలుగా వాడే వాట్లూ వేగాల్లో చాలా భాగం కీహోల్‌తోనే సాగుతున్నట్లు వాటిలో తేలింది. గుంట నిలకడగా ఉంటే మేలే. అదే 280 వాట్లతో వేగాన్ని 600కు దించితే గుంట మరీ లోతై ఊగుతుంది. పై గోడలు కలుసుకుని అడుగున బుడగ తెగిపోతుంది, అది పైకి తేలేలోగా లోహం గడ్డకడుతుంది. ఆ రంధ్రం గుండ్రంగా ఉంటుంది. రంధ్రం ఆకారం చూసి వేడి తక్కువైందో ఎక్కువైందో చెప్పవచ్చు. వాట్లూ వేగమూ రెండూ విపరీతంగా పెంచితే ఇంకో చిక్కు: మడుగు పొడవుగా సాగి, కుళాయి నుంచి పడే సన్నని ధారలా తెగి పూసలు కడుతుంది. అప్పుడూ శక్తి సాంద్రత 55 దగ్గరే ఉండవచ్చు.

చాలు చివర గట్టు దగ్గర ఎడ్లను తిప్పేటప్పుడు రైతు మేడి ఎత్తుతాడు. ఎత్తకపోతే అక్కడ గొయ్యి పడుతుంది. లేజర్‌ను తిప్పే అద్దం కూడా గీత చివర నెమ్మదించి మళ్లీ వేగం అందుకుంటుంది. ఆ క్షణంలో లేజర్ వెలుగుతూ ఉంటే వరసగా గుండ్రని రంధ్రాలు ముక్క అంచు చర్మం కిందనే పడతాయి. అందుకే మలుపులో లేజర్ ఆర్పి, అద్దం పూర్తి వేగం అందుకున్నాకే వెలిగించే ఏర్పాటు ఉంటుంది. అది పనిచేస్తోందో లేదో తప్పక చూసుకోవాలి.

సాలు దున్నాక ఇరువాలు అడ్డంగా దున్నుతాం. యంత్రంలో పొరకూ పొరకూ గీతల దిశను 67 డిగ్రీలు తిప్పుతారు. 67కూ 180కూ ఉమ్మడి భాజకం లేదు కాబట్టి అదే దిశ మళ్లీ రావడానికి 180 పొరలు, 0.03 మి.మీ. చొప్పున 5.4 మి.మీ. ఎత్తు పడుతుంది. కింది చాళ్ల మధ్య ఏదైనా మిగిలితే పై చాలు దాన్ని అడ్డంగా కోసుకుపోతుంది.

ఏరువాక పున్నమి నాడు నాగలికి పూజ చేసి తొలి చాలు వేస్తారు. పూజ పూజే. కానీ ఆ రైతే గుప్పెడు మట్టి పిడికిట బిగించి పదును చూశాకే అసలు దుక్కి మొదలుపెడతాడు. ప్రయోగశాలలో ఆ పిడికెడు మట్టి లాంటిది ఒంటరి గీతల పరీక్ష. టైటానియం పలక మీద ఒక పొర పొడి పరచి, ఐదు రకాల వాట్లు, ఐదు రకాల వేగాలు మార్చుతూ 10 మి.మీ. గీతలు 25 వేయండి. పక్క గీత వేడి తగలకుండా కనీసం 2 మి.మీ. ఎడం ఉంచండి. అడ్డంగా కోసి, నునుపు చేసి, క్రోల్ ద్రావణం అనే ఆమ్ల మిశ్రమంతో పైపొరను తినిపిస్తే మడుగు అంచులు కనిపిస్తాయి. అందులో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. చేతి తొడుగులు, ఆ ఆమ్లం చర్మం మీద పడితే పూసే కాల్షియం గ్లూకొనేట్ జెల్ దగ్గర లేకుండా సీసా మూత తీయవద్దు. ప్రతి గీతనూ రెండు మూడు చోట్ల కొలిచి సగటు కాకుండా కనిష్ఠ వెడల్పు, కనిష్ఠ లోతు రాసుకోండి, గుల్ల పడేది అక్కడే. వాటితో పైన చెప్పిన వర్గాల మొత్తం 0.8 దాటకుండా ఎడం, పొర ఎంచుకోండి. తర్వాత 10 మి.మీ. ఘనాలు అచ్చువేసి నీటిలో తూచండి. సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 4.43 గ్రాములకు దగ్గరగా వచ్చినా ఒక్క ఘనాన్నైనా కోయండి, తూకం రంధ్రాల ఆకారం చెప్పదు.

అచ్చువేసిన టీఐ-64 వేగంగా చల్లారి మార్టెన్సైట్ అనే గట్టి స్ఫటిక రూపంలో ఉంటుంది, బలం ఎక్కువ, సాగుడు తక్కువ. పలక నుంచి కోయకముందే ఆర్గాన్‌లోనో శూన్యంలోనో 800 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు వేడి చేస్తే బిగువు వదిలి సాగుడు వస్తుంది. 920 డిగ్రీల్లో 100 మెగాపాస్కల్స్ వాయుపీడనం కింద నొక్కితే లోపలి రంధ్రాలు మూసుకుంటాయి. పైకి తెరుచుకున్నవి మూసుకోవు, వాటిలోకి ఆ వాయువే దూరుతుంది.

సూత్రంలో అసలే లేని అంకె ఇంకొకటుంది, చుక్క వ్యాసం. 100 మైక్రాన్ల చుక్క 70కి కుదించుకుంటే వైశాల్యం సగమవుతుంది, మంట రెట్టింపు. శక్తి సాంద్రత మాత్రం కదలదు. లేజర్ కిటికీ గాజు మీద పొగ పేరుకుంటే గాజు వేడెక్కి ఫోకస్ జరుగుతుంది, పలకను చేరే వాట్లూ తగ్గుతాయి. మీ రెండు ముక్కలు రెండు వేర్వేరు రోజుల్లో వేసి ఉంటే, సెట్టింగులు తిరగేసే ముందు ఆ గాజు తుడిచి, పలక దగ్గర వాట్లూ చుక్క వ్యాసమూ కొలిచి చూడండి.