ఇంట్లో స్టోరేజ్ సర్వర్: అపోహలు, వాస్తవాలు

ఇంటి ఫొటోలు, ఫైళ్లు అన్నీ ఒకచోట దాచి అందరికీ అందించే కంప్యూటరే స్టోరేజ్ సర్వర్.

అపోహ: రెయిడ్ ఉంటే బ్యాకప్ ఉన్నట్టే.

కాదు. రెయిడ్ అంటే కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడే పద్ధతి. ఒక డిస్క్ పోయినా పని ఆగకుండా చూడటమే దాని పని. పెళ్లి ఫొటోల ఫోల్డర్ పొరపాటున డిలీట్ అయితే మిర్రర్‌లోని (ఒకే డేటాను రెండు డిస్కుల్లోనూ రాసే రెయిడ్) రెండు డిస్కుల్లోంచీ ఆ క్షణమే పోతుంది. రెండు డిస్కులకే డబ్బులుంటే మిర్రర్ వద్దు. ఒకటి సర్వర్లో బిగించండి. రెండోదాన్ని యూఎస్‌బీ డబ్బాలో పెట్టి వారానికోసారి కాపీ తీసి, వైరు పీకి బీరువాలో పెట్టండి. పిడుగు పడ్డా అది భద్రం.

అపోహ: ప్రాసెసర్ ఎంత పెద్దదైతే అంత స్పీడు.

గిగాబిట్ (సెకనుకు 1000 మెగాబిట్లు) లైన్‌లో ఫైల్ కాపీ సెకనుకు దాదాపు 110 ఎంబీ దగ్గర ఆగుతుంది. ఇంటెల్ ఎన్100 లాంటి చిన్న చిప్ దానికి సరిపోతుంది. స్పీడు 11 ఎంబీ దాటడం లేదంటే చాలాసార్లు తప్పు కేబుల్‌దే: ఎనిమిది తీగల్లో ఏదో ఒకటి ప్లగ్‌లో సరిగా కూర్చోక లింకు 100 మెగాబిట్‌కు పడిపోయి ఉంటుంది. ప్లగ్ కోసేసి కొత్తది బిగించమనండి, దీన్నే క్రింప్ అంటారు.

అపోహ: ఇన్వర్టర్ ఉండగా యూపీఎస్ దండగ.

సర్వర్లకు చేటు తెచ్చే నమ్మకం ఇది. కరెంట్ పోయాక ఎస్‌ఎమ్‌పీఎస్ (కంప్యూటర్‌కు కరెంట్ అందించే డబ్బా) తనలో మిగిలిన ఛార్జ్‌తో దాదాపు 16 మిల్లీసెకన్లు నెట్టుకొస్తుంది. ఇన్వర్టర్ నార్మల్ మోడ్‌లో ఉంటే అంతలోపు బ్యాటరీకి మారదు, సర్వర్ రీస్టార్ట్ అవుతుంది. అప్పుడే ఏదైనా రాస్తుంటే ఆ ఫైల్ పాడవ్వొచ్చు. ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అటు తిప్పండి. కానీ ఊళ్లో బోరు మోటార్లన్నీ ఒక్కసారి ఆన్ అయ్యే వేళ వోల్టేజ్ పడిపోతుంది కాబట్టి ఆ మోడ్‌లో మాటిమాటికీ బ్యాటరీ మీదికి వెళ్తుంది. ఇన్వర్టర్‌కు ముందు స్టెబిలైజర్ ఉండాలి.

అందుకే సర్వర్‌కు విడిగా 600 వీఏ యూపీఎస్ ఒకటి పెట్టండి. దానికి యూఎస్‌బీ పోర్టు ఉందో లేదో డబ్బా మీద చూసే కొనండి. చవక మోడళ్లలో చాలావాటికి ఉండదు. అది లేకపోతే బ్యాటరీ అయిపోతోందన్న కబురు సర్వర్‌కు అందదు, తనంతట తాను షట్‌డౌన్ కాదు.

ఎర్తింగ్ సంగతి ఇంకా ముఖ్యం. కేబినెట్ తాకితే వేళ్లు జిల్లుమంటున్నాయా? ఎస్‌ఎమ్‌పీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి లీకయ్యే కరెంట్‌కు భూమిలోకి దారి దొరక్క, ఇనుప బాడీ 110 వోల్టుల దగ్గర తేలుతోందని అర్థం. నల్లగొండ, పాలమూరు నేల గ్రానైటు రాయి. మే నెలలో ఎర్త్ గుంత ఎండిపోతుంది, నీళ్లు పోస్తుండాలి. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య చూడండి: ఒకటి రెండు వోల్టులైతే ఫర్వాలేదు, పదుల్లో ఉంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, సర్వర్ తర్వాత.

అపోహ: ఏసీ లేకుంటే డిస్కులు బతకవు.

మామూలు డిస్కుల పరిమితి 60 డిగ్రీలు. ఎండాకాలం గదే 40 ఉన్నప్పుడు గాలాడని డిస్క్ 55కు తేలిగ్గా చేరుతుంది. ముందువైపు 120 ఎంఎం ఫ్యాన్, డిస్కుకూ డిస్కుకూ మధ్య ఒక ఖాళీ అర ఉంటే చాలావరకు సరిపోతుంది. మూసిన అల్మారా, పైఅంతస్తు స్లాబ్ కింది అటక మాత్రం వద్దు. బియ్యం మిల్లుల దుమ్ము పడే చోట ఇళ్లుంటే, మిర్యాలగూడ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు, ఫ్యాన్ ముందు జాలీ పెట్టి నెలకోసారి దులపండి.

అపోహ: ఎర్రర్లు వస్తే డిస్క్ పోయినట్టే.

స్మార్ట్ రిపోర్టులో (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే లెక్క) 199వ నంబరు వరసలోని అంకె పెరుగుతుంటే సాధారణంగా సాటా కేబుల్‌ది (డిస్కును మదర్‌బోర్డుకు కలిపే డేటా తీగ) తప్పు, మార్చితే ఆగుతుంది. 5, 197, 198 వరసల్లోవి పెరుగుతుంటే డిస్క్‌దే. కొనేటప్పుడు సీఎమ్ఆర్ (డేటా గీతలను విడివిడిగా రాసే) రకమే అడగండి. ఎస్‌ఎమ్‌ఆర్ (గీతలను ఒకదాని మీదొకటి కాస్త ఎక్కించి రాసే) డిస్క్ రెయిడ్ రీబిల్డ్‌లో (పోయిన డిస్క్ బదులు పెట్టిన కొత్తదాన్ని నింపేటప్పుడు) గంటల పనిని రోజులకు ఈడుస్తుంది.

అపోహ: మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీయగలిగే) ఎస్‌ఎమ్‌పీఎస్‌కు కేబుళ్లు ఏవైనా పడతాయి.

చాలాసార్లు సాకెట్‌లో పడతాయి, నిజమే. కానీ ఎస్‌ఎమ్‌పీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీకో రకం. 5 వోల్టుల చోట 12 వోల్టులు వెళ్తే ఆ తీగకున్న డిస్కులన్నీ ఒకేసారి కాలిపోవచ్చు. ఎస్‌ఎమ్‌పీఎస్ మార్చినప్పుడల్లా పాత కేబుళ్లన్నీ విప్పి పక్కన పడేయండి.