చుట్టు తిరిగి ముందే చేరే తరంగం

మనిషి తవ్విన అతి లోతైన బోరు రష్యాలోని కోలా బోరు. అది 12,262 మీటర్ల దగ్గర ఆగిపోయింది. మరి ఖండపు అంచున, సముద్రం అడుగున ముప్పై కిలోమీటర్ల లోతు దాకా రాతి పొరలను ఎలా గీస్తారని ఒక పాఠకుడు అడిగారు. ఓడ వెనక ఎయిర్‌గన్లు కట్టి, వాతావరణ పీడనానికి సుమారు 140 రెట్లు అదిమిన గాలిని నీటిలోకి ఒక్కసారిగా వదులుతారు. ఆ చప్పుడు అడుగు రాళ్లలోకి దిగుతుంది. పొరలకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వని సంగతి అందరూ చెప్పేదే. నాకు ముచ్చట గొలిపేది లోపల పక్కకు పరుగు తీసే తరంగం.

ఊరి మధ్యగా ఒక ఇరుకు రోడ్డు, ఊరవతల దానికి సమాంతరంగా ఒక హైవే ఉన్నాయనుకోండి. ఇద్దరు ఒకేసారి బయలుదేరారు. ఒకరు ఇరుకు రోడ్డు వదల్లేదు. ఇంకొకరు హైవే ఎక్కి, దూసుకుపోయి, మళ్లీ ఊళ్లోకి దిగారు. పక్క వీధికైతే మొదటివారిదే గెలుపు. దూరాభారమైతే రెండోవారిది. మధ్యలో ఎక్కడో ఇద్దరూ ఒకే క్షణాన చేరే చోటు ఉంటుంది. రెండు రోడ్ల మీది వేగాలు తెలిస్తే, ఆ చోటు ఎంత దూరమో చూసి హైవే ఎంత ఎడంగా ఉందో లెక్క కట్టవచ్చు. హైవేను కంటితో చూడనక్కరలేదు!

ఇరుకు రోడ్డు భూపటలం: సెకనుకు సుమారు 6.5 కిలోమీటర్లు. హైవే దాని కింది రాతి పొర, అంటే ప్రావారం: 8 కిలోమీటర్లు. సరిహద్దును 54 డిగ్రీల సందిగ్ధ కోణంలో తాకిన తరంగం దాని వెంబడే సాగుతూ, దారి పొడవునా పైకి శక్తిని వదులుతుంది. పటలం మందం 35 కిలోమీటర్లైతే ఆ కలిసే చోటు దాదాపు 218 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. మహాసముద్రపు పటలంలా 7 కిలోమీటర్లే అయితే, నీటి లోతును పక్కన పెడితే, 44. 1909లో క్రొయేషియాలోని జాగ్రెబ్ సమీపంలో వచ్చిన భూకంపం నమోదుల్లో ఇలాంటి తరంగాన్ని గుర్తుపట్టే, ఆ దేశపు శాస్త్రవేత్త మొహోరోవిచిచ్ ఈ సరిహద్దును కనుగొన్నారు. ఒక పొరలోంచి ఇంకో పొరలోకి వెళ్లేటప్పుడు తరంగం ఎంత వంగుతుందో చెప్పే స్నెల్ నియమాన్ని గాజు పలక, నాలుగు గుండుసూదులతో సరిపెట్టే మన పాఠాల్లో ఈ ముచ్చటకు చోటే లేదు.

తరంగం చేరిన సమయాలను దూరంతో కలిపి గీస్తే, ఆ గీత వాలే వేగాన్ని చెబుతుంది. అయితే ఖండపు అంచులో ప్రావారం సముద్రం వైపు పైకెక్కుతూ వస్తుంది. ఎక్కే వైపు కొలిస్తే వేగం ఉన్నదాని కంటే ఎక్కువగా, దిగే వైపు కొలిస్తే తక్కువగా కనిపిస్తుంది. అందుకే అడుగున వరుసగా భూకంపమాపకాలు దించి, ఓడను వాటి మీదుగా నడిపి, రెండు వైపుల నుంచీ కొలుస్తారు.

అసలు చిక్కు ఆ తరవాత వస్తుంది. అంచు అడుగున సెకనుకు 7.4 కిలోమీటర్ల వేగం, అంటే పటలానికి ఎక్కువ, ప్రావారానికి తక్కువ, తేలిందనుకుందాం. అది కింది నుంచి చొచ్చుకొచ్చి గడ్డకట్టిన శిలాద్రవం కావచ్చు, నీరు చేరి సర్పెంటినైట్ అనే రాయిగా మారుతున్న ప్రావారమూ కావచ్చు. స్పెయిన్‌కు పడమటన, గలీసియా అంచున 1985లో తవ్వినప్పుడు రెండోదే దొరికింది. ప్రతిచోటా తవ్వలేం కాబట్టి అడ్డంగా ఊగే ఎస్ తరంగాలను పట్టుకోవాలి. సర్పెంటినైట్‌లో అవి మరీ నెమ్మదిస్తాయి. కానీ నీరు వాటిని మోయదు. అందుకని ఓడ లాక్కెళ్లే హైడ్రోఫోన్లకు (నీటిలోని చప్పుడును పట్టే పరికరాలకు) అవి నేరుగా అందవు, అడుగును ఆనుకుని కూర్చున్న పరికరానికే అందుతాయి.